కొంగుకు పసుపు పెట్టిన చీర

మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, నేను కంభం దగ్గర పల్లెకు కొత్తకోడలిగా వచ్చాను. దీపావళికి మా అత్త ముదురాకుపచ్చ చీర పెట్టింది. ఆ రంగంటే నాకు గిట్టదు. అత్త చుట్టాలింటికని చెప్పి వెళ్లిన రోజు చూసి, పక్కింటి అక్కతో కంభంలో బట్టల దుకాణానికి వెళ్లి చీర మార్చిమ్మన్నాను.

షావుకారు కొంగు చూసి నవ్వాడు. “ఏంది తల్లీ, పసుపు పెట్టినాక మళ్లా ఎట్ల తీసుకునేది? ఆ మూల కూర్చున్నామెకూ ఇదే చెప్పినా.”

కొత్తబట్టకు పసుపు పెట్టే ఇస్తారన్న సంగతే మరిచాను. మూలకు చూస్తే మా అత్త! ఒళ్లో మా అమ్మ ఆమెకు పెట్టిన రాణిరంగు చీర!

అత్త రెండు చీరలూ మార్చి మార్చి చూసింది.

“అది ఇట్ల తే. నాకు నచ్చిన రంగే నీకు పెట్టినా. ఇది నువ్వు కట్టుకో. ఇంట్లో చెప్పినావో, చూడు!”

దారంతా నవ్వుకుంటూనే ఇంటికొచ్చాం.

తర్వాత మా అమ్మ వచ్చి, నా ఒంటిమీద ఆ చీర చూసి కళ్లు తుడుచుకుంది. “నేను పెట్టిన చీర తాను కట్టకుండా నీకిచ్చిందా! ఇట్లాంటి అత్త ఎవరికి దొరుకుతుందే?”

వంటింట్లోంచి అత్త దగ్గు వినిపించింది. అమ్మకు అసలు సంగతి తెలియదు గానీ, ఆమె అన్న మాట మాత్రం నిజమే.