మొత్తుకుంటుంటే ఫికర్ లేదు

మా బావ పోయాడు. బాన్సువాడలో చాలామందికి ఆయన లెక్కల సారు, నాకు అక్క భర్త. బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా అన్నాల దగ్గరికి పరుగెత్తారట. సారు మాత్రం కుర్చీలోంచి లేవలేదట. నాకు ఫోన్ చేసిన తోటి టీచరు "మేడం, జెర జల్ది రాండ్రి" అని మాత్రమే అన్నది. ఏమైందని అడిగితే మళ్లీ అదే మాట. ఆఫీసు మెట్లు దిగుతుండగానే తెలిసిపోయింది, ఎండాకాలం నుంచి నేను భయపడుతున్నది ఇదేనని.

వాళ్లింట్లో ముందుగదిలో ఓ పాత కంప్యూటర్ ఉంది. ఒకప్పుడు అందులో ఎవరో ఎక్కించిచ్చిన దొంగ విండోస్ ఉండేది. వైరస్ సోకి అక్క పెళ్లి ఫొటోలతో సహా అంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆ రోజే బావ "దొంగ సొమ్ము ఇగ నా ఇంట్ల వద్దు" అని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నాడు. బాగానే ఉంది. కానీ ఆయన ప్రాణం పెట్టే లారీ ఆట విండోస్ మీదే నడుస్తుంది. దాన్ని లినక్స్ మీద నడిపించడమే ఆయన ఆదివారాల పని. నడిపించడమే, ఆడటం కాదు. లారీ రోడ్డెక్కిందంటే ఆయనకు వెంటనే ఇంకో చిక్కు కావాలి. అంత మొండి మనిషి.

అందుకోసం వైన్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాడు. "వైన్ ఎక్కించిన, ఇగ నడుస్తది" అని ఆయన ఫోన్లో చెబుతుంటే విని మా అమ్మ ఒక పూటంతా అల్లుడితో మాట్లాడలేదు.

"అసలు గదేం చేస్తది బావా?" అని ఒకసారి అడిగాను.

ఆయన మహారాష్ట్ర సరిహద్దులోని తన సొంతూరు మద్నూర్ సంగతి ఎత్తుకున్నాడు. అక్కడ హైవే పక్కన వాళ్ల నాన్న చాయ్ హోటల్. దాన్నానుకునే పంక్చర్ దుకాణం. ఎక్కడినుంచో వచ్చిన ఆ దుకాణదారుకు మరాఠీ ముక్క రాదు, లారీ డ్రైవర్లలో చాలామందికి తెలుగు రాదు. చిన్నప్పుడు బావే మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేవాడు.

"ఆటకు విండోస్ మాట తప్ప రాదు. లినక్స్‌కు గా మాట రాదు. నడుమ నిలవడి చెప్పుడే వైన్ పని."

"నువ్వు అన్నీ చెప్పేటోడివా?"

"అన్నీ చెప్తే కొట్లాటలైతయి మరదలా. తిట్లు నేనే మింగేటోణ్ణి."

నిజమే. నేను ఉద్యోగంలో చేరతానన్నప్పుడు మా నాన్నకూ నాకూ నడుమ తిరిగింది ఆయనే. నాన్న నన్ను ఏమేం అన్నాడో ఈనాటికీ నాకు తెలియదు. ఉద్యోగంలో మాత్రం చేరాను. ఈ రోజు నా కాళ్ల మీద నేను నిలబడ్డానంటే అది ఆయన పుణ్యమే. మింగడం తెలిసిన మనిషి అని అప్పుడు మురిసిపోయాను.

ఆట మొదలుపెట్టగానే పక్కన ఓ నల్ల కిటికీ తెరుచుకొని, అందులో ఇంగ్లిషు వరుసలు జలజలా వచ్చేవి. వాటిలో చాలావాటి ముందు 'ఫిక్స్‌మీ' అని ఉండేది. ఇక్కడేదో సరిగా లేదు, బాగుచేయాలి అని దాని అర్థం. నాకేమో కంగారు. ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

"అది గట్లనే మొత్తుకుంటది. మొత్తుకుంటుంటే ఫికర్ లేదు. లారీ నడుస్తుందా లేదా? గది చూడు."

లారీ నడిచేది కూడా.

ఈ ఎండాకాలంలో ఆయన ఎడమ భుజం రుద్దుకోవడం మొదలుపెట్టాడు. మౌస్ పట్టీ పట్టీ నొప్పి అన్నాడు. "మౌస్ పట్టేది కుడిచేత్తోని కదయ్యా!" అని అక్క నిలదీస్తే నవ్వి ఊరుకున్నాడు. మెట్లెక్కితే ఆయాసం. అది గ్యాస్ అట. సోడా తాగి త్రేన్చి "చూసిన్రా, పోయింది" అనేవాడు.

"నీ కాళ్లు మొక్కుతా, దవాఖానకు పోదాం పా" అని అక్క బతిమాలింది.

"బడికి పోతున్న, పాఠం చెప్తున్న. నడుస్తుంది గదనే!"

లారీ గురించి అన్న మాటే ఒంటి గురించీ అంటున్నాడని నాకు తోచింది. "నీ ఒళ్లు కంప్యూటర్ గాదు బావా!" అని అరిచాను. ఆయన ఉడకబెట్టిన పల్లీలు గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. ఎవరు కోపంగా ఉన్నా వాళ్ల చేతిలో పల్లీలు పోయడం ఆయన అలవాటు. నమిలే నోరు కొట్లాడదని ఆయన లెక్క.

చివరికి మా పోరు పడలేక ఒక్కడే వెళ్లి చూపించుకొని వచ్చాడు. "గ్యాసే అన్నడు డాక్టర్. గోళీలు రాసిండు." అక్క ఆ పూట పాయసం వండింది. నేనూ తిన్నాను.

ఆ తర్వాతి ఆదివారం వెళ్లేసరికి గదిలో ఏదో తేడా కనిపించింది. లారీ నడుస్తోంది. నల్ల కిటికీలో మాత్రం ఒక్క వరుసా లేదు.

"బాగైందా బావా?"

"బాగెక్కడిది? ముందట గీ ముక్క పెడితే నోరు మూస్తది." ఆట మొదలుపెట్టడానికి కొట్టే కమాండ్ మొదట్లో కొత్తగా చేర్చిన చిన్న ముక్కను వేలితో చూపించాడు. "లోపల ఏమున్నా బయటికి చెప్పదు. మీ అక్క లెక్క కాదు."

"వింటున్న!" అన్నది అక్క వంటింట్లోంచి. ముగ్గురం నవ్వాం. అయినా ఆ నల్లటి ఖాళీ నాకు నచ్చలేదు. "తీసెయ్ బావా, దాన్ని మొత్తుకోనియ్యి" అన్నాను. ఆయన వింటేగా.

దినాలప్పుడు దవాఖానలో పనిచేసే కాంపౌండర్ పరామర్శకు వచ్చాడు. అతను బావ దగ్గర చదువుకున్నవాడే. అక్క ముందు కూర్చొని ఏడుస్తూ, "అదే రోజు నిజామాబాద్ పోయి గుండె పరీక్ష చేయించుకొమ్మని డాక్టర్ చెప్పిండమ్మా. ఇంట్ల చెప్పి పోతా అన్నడు సారు" అన్నాడు.

అక్క ఏడవలేదు. నా మొహం చూసింది, నాకైనా తెలుసా అన్నట్టు. నాకూ తెలియదు. డాక్టరుకూ మాకూ నడుమ నిలబడి, భయపెట్టే మాట ఆయనొక్కడే మింగాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఫొటో ముందుకు పోయి "ఎవరు మింగమన్నరు నిన్ను?" అని అందరూ వినేలా అడిగాను. ఆ చేతుల్లో ఇంకోసారి పల్లీలు పోయించుకోవాలని ఎంత ఉందో కూడా అప్పుడే తెలిసింది.

నిన్న ఆదివారం అక్క తనంతట తానే అడిగింది. "గా లారీ ఒకసారి నడిపియ్యవే."

కంప్యూటర్ వేశాను. ఆయన చివరగా కొట్టిన కమాండ్ ఇంకా అందులోనే ఉంది. ముందున్న ఆ ముక్కను తుడిచేసి నొక్కాను. ఆట తెరుచుకుంది, లారీ రోడ్డెక్కింది. దాని పక్కన నల్ల కిటికీలోకి వరుసలు దూకాయి. ఫిక్స్‌మీ, ఫిక్స్‌మీ అంటూ ఒకదాని మీద ఒకటి, కళ్లకు అందకుండా.

అక్కకు ఇంగ్లిషు రాదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ వరుసలనే చూసింది.

"గిన్ని చెప్పిందానే?"

"చెప్తనే ఉన్నదక్కా."

ఆమె ఒళ్లో పల్లీల గిన్నె ఉంది. ఒక్క గింజా నోట్లో వేసుకోలేదు. నేను కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాను. స్టీరింగ్ పట్టేవాళ్లు లేక లారీ మెల్లగా రోడ్డు పక్కకు జరిగి ఆగిపోయింది. అక్క కళ్లద్దాల్లో వరుసలు మాత్రం పైకి పోతూనే ఉన్నాయి.