కంకిపాడులో నేను మార్చిన కారు పెట్రోలు పంపు

ఆ రోజు విజయవాడలో చేనేత ప్రదర్శన సాయంత్రం ఐదింటికి మొదలవుతుంది. బందరు దగ్గర మా ఊళ్ళో నేయించిన చీరలు రెండు పెద్ద మూటలు కట్టి, కారులో వేసుకుని, నేనూ మా ఆయనా పొద్దున్నే బయల్దేరాం. కారు నాది. నలభై రెండో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాను. మా ఆయనకు డ్రైవింగ్ రాదు, నా డ్రైవింగ్ మీద నమ్మకమూ లేదు. "బస్సులో వెళ్తే హాయిగా ఉండేది కదా" అని దారిలో రెండుసార్లు అననే అన్నారు.

కంకిపాడు దగ్గర పడుతుండగా కారు నాలుగైదుసార్లు వెక్కి ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు తోసిపెడితే, రోడ్డు పక్కనే ఉన్న రేకుల షెడ్డు దాకా చేరాం.

షెడ్డులో అరవై ఏళ్ళ మెకానిక్ భాయ్ గారు ఒక్కరే ఉన్నారు. ఆయన కుడిచేతికి మోచేయి దాకా పిండికట్టు.

"తాళం ఆన్ చేసి ఊరుకోండమ్మా, స్టార్ట్ చెయ్యొద్దు" అన్నారు. వెనక డోరు తీసి, సీటు దగ్గరికి వంగి విన్నారు. "ఏమన్నా వినపడిందా?"

"లేదండీ."

"ఆన్ చెయ్యగానే ట్యాంకులోంచి పెట్రోలు తోడే పంపు రెండు సెకన్లు జుయ్యిమనాలి. అనట్లేదు."

ఫ్యూజు చూశారు, బాగానే ఉంది. సీటు కింద వైరుకి టెస్టు ల్యాంపు పెట్టి నన్ను మళ్ళీ తాళం తిప్పమన్నారు. ల్యాంపు వెలిగింది. "కరెంటు వస్తోంది. పంపే పోయింది. మా తమ్ముడు రేపు పొద్దున వస్తాడు, మార్చేస్తాడు."

"రేపా! ఇవాళే కదండీ మాకు స్టాలు!" అన్నాను. మా ఆయన అప్పటికే బస్సు కోసం మూటలు దింపుతున్నారు. ఎందుకన్నానో తెలీదు గానీ, "మీరు చెప్పండి భాయ్ గారూ, నేను చేస్తాను" అన్నాను.

"నువ్వా?" అన్నారు మా ఆయన.

మెకానిక్ గారు చీరల మూటల వంక చూశారు. "మీరు నేస్తారా అమ్మా?"

"పెళ్ళికి ముందు ఏడేళ్ళు నేశానండీ."

"తెగిన పోగులు అతికారు కదా. కంగారు పడరులెండి. రండి."

కొంగు నడుముకి చుట్టి దోపుకున్నాను. భయం లేదు, సంబరం!

మా ఆయన మూటలతో విజయవాడ బస్సెక్కారు. భాయ్ గారు అక్కడి ఆటోనగర్‌లో తెలిసిన షాపుకి ఫోన్ చేసి కారు మోడల్ చెప్పారు. అక్కడ పంపు తీసుకుని బందరు బస్సు కండక్టరుకి ఇచ్చి పంపడం మా ఆయన పని.

ఈలోపు మేం మొదలుపెట్టాం. కారు నాలుగు తలుపులూ తెరిచి, నా ఫోను దూరంగా పెట్టించి, బ్యాటరీ వైరు విప్పించారు. వెనక సీటు లేపితే కింద గుండ్రటి మూత, దాని మీద ఏళ్ళ నాటి దుమ్ము.

"ముందు అది తుడవండి. ఒక్క ఇసుక రవ్వ కూడా లోపల పడకూడదు."

బ్రష్షుతో, తడిగుడ్డతో అద్దంలా తుడిచాను. మూత మీది పెట్రోలు పైపు చుట్టూ గుడ్డ చుట్టి క్లిప్పు నొక్కగానే పెట్రోలు చివ్వున చిమ్మింది. ఎగిరి వెనక్కి పడ్డాను. ఆయన నవ్వారు. "పైపులో ఒత్తిడి మిగిలుంటుందమ్మా, అందుకే గుడ్డ చుట్టమన్నాను." మూత బిగింపు రింగుని చెక్క ముక్క ఆనించి తట్టించారు. ఇనుముతో కొడితే నిప్పురవ్వ లేస్తుందట. రింగు కదిలింది! ఇంకో నాలుగు దెబ్బలు. ఊడి వచ్చింది!

"పంపుని నిటారుగా లాగొద్దు, పక్కకి వంచుతూ తీయండి. పెట్రోలు కొలిచే కాడ వంగిందంటే మీటరు తప్పు చూపిస్తుంది."

మెల్లగా వంచుతూ తీశాను. పంపు అడుగున పెట్రోలు వడకట్టే జాలీ మడ్డి పట్టి నల్లగా ఉంది.

"ట్యాంకు అడుగంటేదాకా నడుపుతారా?"

తల దించుకున్నాను. ఎర్రలైటు వెలిగాక కూడా మరో ఊరు దాటించడం నాకు అలవాటు.

"పంపు పెట్రోల్లో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది. పావు ట్యాంకుకి తగ్గనివ్వకండి."

మధ్యాహ్నం ఒంటిగంటకి బస్సు ఆగింది. కండక్టరు కిటికీలోంచి అందించిన పొట్లాన్ని రెండు చేతులా అందుకుని షెడ్డులోకి పరిగెత్తాను. కొత్త పంపు, కొత్త జాలీ, కొత్త రబ్బరు రింగు. మొదటిసారి రబ్బరు రింగు మడతపడింది. "మళ్ళీ తీయండి" అన్నారు. తీశాను. రెండోసారి చక్కగా కూర్చుంది. పైపు టిక్కుమని తగులుకునేదాకా నొక్కించారు. వైరు పెట్టి, బ్యాటరీ బిగించాను.

"ఆన్ చెయ్యండి."

జుయ్! పంపు పలికింది!

"ఆపి మళ్ళీ. ఇంకోసారి." మూడోసారి తర్వాత ఇద్దరం వంగి చూశాం. ఎక్కడా చెమ్మ లేదు. "ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి."

ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అందుకుంది! నేను వేసిన కేకకి పక్కన టీ కొట్టులో వాళ్ళంతా లేచి చూశారు. భాయ్ గారు వాళ్ళకి ఎడంచేత్తో నన్ను చూపించి, "నేను ముట్టుకోలేదు, ఈ అమ్మే చేసింది" అన్నారు.

సీటు బిగించి, బంకులో ట్యాంకు నింపించాను. ఆయన చెప్పినట్టే మధ్యలో ఆగి, పెట్రోలు వాసన వస్తోందేమో చూసుకున్నాను. రావడం లేదు. కిటికీ దించి, ఒక్కదాన్నే గట్టిగా పాడుకుంటూ విజయవాడలోకి దిగాను.

నాలుగున్నరకి స్టాలులో అడుగుపెట్టాను. మా ఆయన చీరలు సగం తలకిందులుగా వేలాడదీశారు. నన్ను చూడగానే, "ఎవరు బిగించారు?" అన్నారు.

"నేనే!"

ఆయన వెంటనే పక్క స్టాలాయన దగ్గరికి వెళ్ళి, "మా ఆవిడ కారు పంపు మార్చిందండీ" అని చెప్పారు. తర్వాత ఎదుటి స్టాలులో చెప్పారు. చీర బేరమాడుతున్న ఒక పెద్దావిడకి కూడా చెప్పారు. ప్రదర్శన ముగిసేసరికి ఆయన కథలో నేను ఇంజన్ మొత్తం దించి ఎక్కించాను. సరిదిద్దబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున మైలవరంలో ఒక కొట్టుకి చీరలు ఇచ్చి రావాలి. నేను ఇంటి తలుపుకి తాళం వేసి వచ్చేసరికి ఆయన బస్సు మాటే ఎత్తకుండా కారు ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటున్నారు.