మొగుడు బతికుండగా రాసిన అర్జీ

2023. కంచరపాలెం రైలుగేటు దగ్గర నా టైపింగ్ షాపు. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది, నేనూ దాన్ని వదిలేశాను. రాత మాత్రం నన్ను వదల్లేదు. అర్జీ రాయడానికి నాకో వరస ఉంది. ముందు మనిషి చెప్పేది వినాలి. తర్వాత డ్రాఫ్ట్, అంటే చిత్తు. దాన్ని పైకి చదివి వినిపించాలి. వాళ్లు కాదన్నది కొట్టేసి, అప్పుడు ఫెయిర్ కాపీ తీయాలి. ఇదంతా చెబితే, దోసె అడిగితే పప్పు నానబోస్తానన్నట్టు చూస్తారు జనం.

ఆ రోజు అప్పలరాజు తన అత్త పోలమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె చేపలమ్ముతుంది. పాత మార్కెట్ పడగొట్టి కొత్తది కట్టారు. పాతవాళ్లకి కూర్చుని అమ్ముకోడానికి అరుగులిస్తున్నారు. ఈమె అర్జీ మాత్రం, అందులో కారణమే లేదని తిప్పి పంపారు. గడువు ఆ సాయంత్రంతో సరి.

"దీన్నే మల్లీ కొట్టీ బావా. కింద 'అరుగు కావాలి' అని ఓ లైను తగిలించు. ఐదు నిమిసాల పని," అన్నాడు.

"నీ పెళ్లికి కూడా ఎవుల్దో సుబలేకలో పేరు మార్సీసినారేటి?" అన్నాను.

కాగితం అందుకుని పైకి చదివాను. "భర్తను కోల్పోయి, దిక్కులేనిదాననై..."

పోలమ్మ గంప దింపింది. "ఆపు. ఎవుల్ని కోల్పోయినాను?"

"ఇందులో అలాగే ఉందప్పా."

"నా మొగుడు ఏటకెల్లినాడు. ఆడు సముద్రం మీదుంటే మేం ఇంట్లో సెడ్డమాట కూడా అనం." అల్లుడి వైపు తిరిగింది. "దీనిమీదేట్రా నాసేత ఏలిముద్ర ఏయించినావు?"

ద్వారకా నగర్‌లో టైపు కొట్టేవాళ్లెవరో వితంతు పింఛను అర్జీలో ఆమె పేరు దూర్చి ఇచ్చారట. "అందరికీ అదే మేటరు బావా," అని గొణిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. జాకెట్టు కుట్టేవాడు కూడా కొలత తీస్తాడు. చదువురాని మనిషి వేలికి సిరా పూసే ముందు ఒక్కసారి చదివి వినిపించడానికి నోరు పడిపోయిందా వీళ్లకి? తెలియకుండానే ఆమె చేత ఆమె మొగుణ్ణి చంపించారు.

అప్పలరాజుని బయట కూర్చోబెట్టి, ఆమెనడిగాను. పాత మార్కెట్లో కుళాయి పక్క చోటు ఆమె అత్తది. అత్త గంప చేతికిచ్చిన రోజు నుంచి కోడలిది. వాళ్లలో చోటు అలాగే వస్తుంది. అటూ ఇటూ కూర్చునేవాళ్లు సాక్ష్యం చెబుతారు. చిత్తు రాసి వినిపించాను.

"'దయతలచి' తీసీ. నాను అడుక్కోడానికి రాలేదు. నా సోటు నాకిమ్మంతన్నాను."

కొట్టేశాను. మళ్లీ చదివాను.

"నా మొగుడు ఏటలో ఉన్నాడని ముందే రాయి."

అర్జీకి దాంతో పనిలేదు. అయినా మొదటి వరసలోనే వేశాను.

తిప్పి పంపిన కాగితం కూడా జతచేసి, ఆఫీసు మూసేలోపే అర్జీ ఇచ్చారు. చోటొచ్చింది, కొత్త కుళాయి పక్కనే. వేట నుంచి తిరిగొచ్చాక ఆమె మొగుడు షాపుకొచ్చాడు. "నన్ను సంపీసిన కాయితం సూపించు."

"అది ఆఫీసు ఫైల్లో ఉంది బావా. అక్కడ నువ్వింకా బతకలేదు."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పట్నుంచి నా షాపులో సిరాపెట్టె బల్లమీద ఉండదు. సొరుగులో పెట్టి తాళమేస్తాను. చదవడం, దిద్దడం అయ్యాకే బయటికి తీస్తాను. తొందరున్నవాళ్లు ఈలోపు టీ తాగి రావచ్చు.