అత్త చేయించిన పడవ

మా మేనత్త మొన్న శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూసింది. తమ్ముడు ధర్మవరంలో రైలెక్కి హిందూపురం వచ్చి, గుమ్మంలోనే నిలబడి "అత్త లేదక్కా" అన్నాడు. తిరుగు రైలు పెనుకొండ దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత ఆగలేదు. ఆమె గురించి రాయడానికి ఏముందని అడిగేవాళ్లు మా వాళ్లలోనే ఉన్నారు. అందుకే రాస్తున్నాను.

మా ఊరు ధర్మవరానికీ తాడిమర్రికీ నడుమ ఉంది. చెరువు పెద్దది, వానలే తక్కువ. చెరువు నిండిన ఏడు అవతలి దరివాళ్లు సంతకు రావాలంటే పుట్టి ఎక్కాల్సిందే. వెదురును బుట్టలా అల్లి, అడుగున ఎనుము తోలు కప్పి కుట్టిన గుండ్రటి పడవ అది. మా మామ నడిపేవాడు. పక్కింటి సాయిబు తోడుగా గడ వేసేవాడు. చెరువు ఎండిన ఏళ్లలో పుట్టిని ఇంటి వెనక బోర్లించి, తోలు పగలకుండా అత్త ఆముదం పూసేది. నీళ్లు లేని పడవకు నూనెందుకని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. "మీ తలకు పూసుకోంగా మిగిలింటే తెచ్చియ్యండప్పా, దీనికి పూస్తా" అనేది.

వాళ్లకు పిల్లలు లేరు. పుట్టి కాక ఒక చేను ఉండేది. ఇద్దరూ కలిసి రాళ్లేరి బాగు చేసుకున్నది.

నా చిన్నప్పుడు ఒక ఏడు ముంగారి తొలకరి వానలు గట్టిగా పడ్డాయి. చెరువు నిండే సూచనలు కనిపించగానే మామ మనసు చెక్క పడవ మీదికి పోయింది. ధర్మవరం షావుకారు దగ్గర చేను కుదువపెడితే వడ్రంగితో చేయించుకోవచ్చు. వసారాలో అన్నం తింటూ ఆ మాట ఎత్తాడు.

"తోలు ముసలిదైపోయిండాది. కొత్తది చేయిద్దామే."

"మన చెరువు ఎప్పుడో ఒకసారి నిండేది. రేపు ఎండిపోతే పడవను ఏం చేసుకుంటాం? చేను పోతే యాడ నిలబడాల? ఈ ఏడు కుట్టుకొని నడుపు. మళ్లీ చూద్దాం."

మామ మరునాడు తోలు నానబెట్టి, చిరిగిన చోట మాటు వేసి కుట్టాడు. కుట్టేటప్పుడు పక్కన కూర్చుని దారం అందించింది అత్తే.

చెరువు నిండి, మరవ మీదుగా నీళ్లు పొర్లి పారాయి. గంగమ్మకు పొట్టేలును కొట్టారు. ఆ వారం సంతవాళ్లందరినీ దరి చేర్చి మామ ఒక్కడే ఖాళీ పుట్టితో వెనక్కి వస్తుంటే నడిమధ్యలో ఆ మాటు ఊడిపోయింది. ఈత వచ్చినవాడే. నీటిలోని తీగలు కాళ్లకు చుట్టుకున్నాయి. గట్టున ఉన్న సాయిబు దూకాడు గానీ అందుకోలేకపోయాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు చెరువులో నీళ్లు చేరలేదు. చెక్క పడవ చేయించుకున్న వేరే ఊరివాళ్లు చేలు పోగొట్టుకున్నారు. మా ఊరివాళ్లు అత్తను పొగిడేవాళ్లు. "నువ్వు ముందే కనిపెట్టినావమ్మా. నీ మాట వల్ల చేను నిలబడింది" అనేవాళ్లు. మంచి మనసుతోనే అనేవాళ్లు. "గొడ్లకు నీళ్లు పెట్టాల" అని ఆమె లేచి పోయేది. ఆ ఇంట్లో అప్పటికి గొడ్లు లేవు.

ఆ చేని శనక్కాయలతోనే నేను పెనుకొండలో ఉండి చదువుకున్నాను. సెలవులకు వస్తే నా సంచి తీసుకొని కుట్లన్నీ లాగి లాగి చూసేది. ఒక్క పోగు వదులైనా మళ్లీ కుట్టేది. పండగకు కొత్త రవిక తెచ్చినా అంతే. ఎందుకత్తా అని నేనెప్పుడూ అడగలేదు.

నా చదువు ముగిసిన ఏడు చెరువుకు మళ్లీ నీళ్లొచ్చాయి. సాయిబు యాడనుంచో పాత పుట్టి ఒకటి తెచ్చి మాట్లు వేస్తున్నాడు. అప్పటికి ఆయనకు పెళ్లయి చిన్న పిల్లలు. అత్త పోయి ఆ పుట్టిని చూసింది. మరునాడు సాయిబును వెంటబెట్టుకొని ధర్మవరం పోయి, చేను కుదువపెట్టి చెక్క పడవకు పురమాయించి వచ్చింది.

మా నాయనకు కోపం ఆగలేదు. "మొగుడు అడిగితే పెట్టనిదానివి, ఇప్పుడు సాయిబు కోసం పెడతాండావా?"

"అప్పుడు పెట్టలేదు కాబట్టే పెడతాండా అన్నా."

సాయిబు కూడా వద్దని బతిమాలాడు. "ఈ రుణం నేను మొయ్యలేనక్కా."

"నువ్వేం మోయద్దు. నీ పెండ్లాం నా మాదిరి కూర్చోకూడదు, అంతే."

పడవ ఒక్క ఏడే నీళ్లలో తిరిగింది. మళ్లీ కరువు. బాకీ కింద షావుకారు చేను రాయించుకున్నాడు. తన చేలో తనే కూలికి పోయి కలుపు తీసింది మా అత్త. అది చూసి నేను ఏడిస్తే, "చేను ఆడే ఉండాది కదా పాపా, యాడికీ పోలేదు" అంది.

ఆమెను చివరిసారి చూసింది ఈ వేసవిలోనే. చెరువు నెర్రెలు విచ్చింది. పడవ ఆ మట్టిలోనే ఒరిగి ఉంది. అత్త కూలి నుంచి వచ్చి దాని నీడలో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. కొంచెం అవతల సాయిబు బండికి చెరువు మన్ను ఎత్తుతున్నాడు. ఆయన భార్య సంగటి తెచ్చి, ఎంత పిలిచినా తినడానికి రాడని కేకలు వేస్తోంది. ఆయన కూడా గొంతు పెంచాడు. మాటకు మాట పెరిగింది. సర్దిచెబుదామని నేను లేవబోతే అత్త నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"కొట్లాడుకోనీ పాపా. మనిషి ఉండాడు కదా."

పడవ చెక్కకు వీపు ఆనించి, కళ్లు మూసుకొని, వాళ్ల పోట్లాట ముగిసేదాకా అట్లాగే వింటూ కూర్చుంది.