తెల్ల పంచె, తేట నీరు, ఒక ట్రౌటు చేప

శరదృతువులో నదులు తేటపడతాయని పురాణ ప్రవచనాల్లో ఏళ్ల తరబడి చెప్పాను కానీ, ఆ తేట నీటిని కళ్లారా చూసింది లేదు. బన్సీలాల్‌పేటలో హార్డ్‌వేర్ దుకాణం నడిపి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న మా వియ్యంకులు యాదగిరి గారు ఈ లోటు కనిపెట్టి, అక్టోబరు చివర హిమాచల్‌లోని తీర్థన్ నదికి ట్రౌటు వేటకు రమ్మన్నారు. నేను శాకాహారిని, అయినా వియ్యంకుల పిలుపును కాదనలేను. నా కళ్ల ముందు చేప ప్రాణం పోకూడదని షరతు పెట్టి ఒప్పుకున్నాను. ఆయన ఇబ్బంది వేరు. "గాలం పట్టుకొని తిరుగుడే గానీ ఒక్క చేప సుత పట్టింది లేదు" అని మా వియ్యపురాలు నలుగురిలో నవ్విందట. చేపతో దిగిన ఫోటో చూపిస్తే తప్ప ఆయన పరువు నిలవదు. ఆ ఫోటో తీసే బాధ్యత నాది.

సికింద్రాబాదు నుంచి ఢిల్లీకి రైలు, అక్కడినుంచి మనాలీ వెళ్లే రాత్రి బస్సు. తెల్లవారుజామున ఔట్ అనే ఊరి దగ్గర దిగి, నది ఒడ్డున మా బసకు పదిహేను వందలకు టాక్సీ మాట్లాడుకున్నాము. ఒక మలుపులో ఆయన సంచి దొర్లి, చేపల మసాలా పొట్లమూ రెండు నిమ్మకాయలూ బయటపడ్డాయి.

"ఇవేమిటి బావగారూ?"

"నిమ్మకాయ జలుబుకు మంచిది."

"మరి మసాలా?"

"గది సుత జలుబుకే."

అనుమతి పత్రం అక్కడి మత్స్యశాఖ కార్యాలయంలో రోజు లెక్కన ఇస్తారు. ఈ కాలంలో ఉదయపు నీరు మరీ చల్లన. ఎండ ఎక్కి పురుగులు ఎగిరే మధ్యాహ్నమే వేటకు అనువు. గాలానికి ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను నీటిపై తేలేలా విసరాలి. వానలు తగ్గి నీరు అద్దంలా ఉంటుంది. నేను ప్రవచనాల్లో ఇంతకాలం పొగిడిన ఆ నైర్మల్యమే చిక్కు తెచ్చింది: మనకు చేప కనబడేలోగా చేపకు మనం కనబడతాము.

"బావగారు, మీ తెల్ల పంచె చూసి చేపలన్నీ పరేషాన్ అయితున్నయి. జెర కూసోండ్రి!"

"కూర్చున్నాను."

"ఇంకింత వంగుండ్రి."

"ఇంతకన్నా వంగితే సాష్టాంగమే."

"గదే చేయుండ్రి!"

చేశాను. పైన గోధుమరంగు దుప్పటి కూడా కప్పారు.

నవంబరు నుంచి వేట నిషేధం. మాకు మిగిలింది ఆ ఒక్క రోజే. పొద్దు కొండ వెనక్కి జారుతుండగా "పడ్డది బావగారు, పడ్డది!" అని కేక. మూరెడు చేప, ఒంటినిండా ఎర్రచుక్కలు. ఆయన చేతివలలోకి ఎత్తిన చేపను చూశారు, నన్ను చూశారు. నాకు నిమ్మకాయలు గుర్తొచ్చి జాలి కలిగింది. నా షరతు కళ్ల ముందు అనే కదా! "సంధ్యకు వేళయింది" అని కళ్లు మూసుకుని, పది గాయత్రులతో ముగించవలసినవాణ్ణి తీరిగ్గా నూటెనిమిది చేశాను.

కళ్లు తెరిచేసరికి వల ఖాళీ. ఆయన మోచేతుల దాకా తడిసి, నీళ్లలో వణుకుతున్నారు.

"వదిలేశారా?"

"మాటిచ్చిన గద! ఫోటో తీస్తరని నీళ్లల్లనే పట్టుకొని ఎంతసేపు నిలవడ్డనో ఎరికేనా? మీరేమో కండ్లు తెరవకపోతిరి! జారిపోయేదాంక పట్టుకున్న."

ఇంటికి రాగానే వియ్యపురాలు నన్నే అడిగింది. "అన్నయ్యగారు, మీరు అబద్ధమాడరు. చేప పడ్డదా?"

"పడింది. మూరెడుంది."

"మరి ఫోటో ఏది?"

"నేను కళ్లు మూసుకున్నాను."

ఇప్పుడు ఆమె నలుగురిలో నవ్వేది మా ఇద్దరినీ చూసి. ఆ మసాలా చివరికి మాకే ఆలుగడ్డ వేపుడై వచ్చింది. ఇకపై శరత్కాల నదిని వర్ణించేటప్పుడు నాకు గుర్తొచ్చేది హంసలు కావు. ఇచ్చిన మాట కోసం మంచునీటిలో చేపను పట్టుకుని, నా జపం ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూసిన మా బావగారు. వెళ్లదలచినవారికి ఒక్క సూచన: ఆకుపచ్చవో మట్టిరంగువో బట్టలు కట్టుకోండి, ఫోటో తీయడానికి మాత్రం సంధ్య వార్చని మనిషిని వెంటపెట్టుకోండి.