నైస్ అనే మాట

ఆ ప్రెస్సులో పంతొమ్మిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న ఆవిణ్ణి అందరూ తప్పులమ్మ అనేవారు. కామా కాస్త పక్కకి జరిగినా ఆమె కంట పడాల్సిందే. యజమాని పిలుపు మాత్రం వేరు. సెలవు రద్దు చేయాలన్నా, ఇంకొకరి పని ఆమె నెత్తిన రుద్దాలన్నా గుమ్మంలో నిలబడి, "మీరు చాలా నైస్ అండీ" అనేవాడు. ఆమె కరిగిపోయేది.

హెడ్ ప్రూఫ్‌రీడర్ రిటైరయ్యాడు. ఆ కుర్చీ తప్పులమ్మదేనని మిషను దగ్గరివాళ్లు కూడా అనుకున్నారు. యజమాని అందులో రెండేళ్ల కిందట చేరిన తన అల్లుణ్ణి కూర్చోబెట్టాడు.

"మీరు నైస్ కాబట్టి అర్థం చేసుకుంటారు" అన్నాడు.

ఆమె తలూపి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పుడు అచ్చవుతున్నది ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పే నిఘంటువు. మర్నాడు ఆమె బల్ల మీదికి వచ్చిన పేజీల్లో నైస్ ఉంది. లాటిన్‌లో 'ఏమీ తెలియని' అనే మాటలోంచి పుట్టిందట. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో 'తెలివితక్కువ' అనట. తర్వాత 'నాజూకు', ఆపైన 'వెంట్రుకవాసి తేడానైనా పట్టగల', అన్నీ అయ్యాక 'మంచి'. మూడుసార్లు చదివింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది.

మధ్యాహ్నం, అల్లుడు దిద్దిన ఆఖరి పదహారు పేజీలు యజమానే తెచ్చాడు.

"చూడక్కర్లేదు, సంతకం పెట్టేయండి. మిషను ఖాళీగా ఉంది."

ఆమె చూసింది. మొదటి పేజీలోనే ఏడు తప్పులు.

"పెట్టను."

"అదేంటండీ, ఎంతో నైస్‌గా ఉండే మీరు..."

"ఆ మాట ఇంకోసారి అనకండి." ఆమె నైస్ ఉన్న పేజీ ఆయన ముందుకు తోసింది. "చదవండి. ఇన్నాళ్లూ మీరు నన్ను పిలిచింది పాత అర్థంతో. దద్దమ్మ అని. నాకు వెంట్రుకవాసి అర్థం కావాలి. దానికి తగ్గ కుర్చీ కూడా."

"నా ప్రెస్సులో నాకే పాఠాలా? ఇష్టం లేకపోతే వెళ్లొచ్చు."

"వెళ్తున్నా. అల్లుడుగారి సంతకంతోనే అచ్చేసుకోండి."

ఇంట్లో చెల్లెలు నోరు వెళ్లబెట్టింది. "ఇన్నేళ్లకి నోరు పెగిలిందా అక్కా?"

"పెగిలిందే. ఉద్యోగమే పోయింది."

నిఘంటువు రాసిన పెద్దాయన మొదటి కాపీలో తప్పులు చూసి, మొత్తం వెనక్కి పంపేశాడు. వారం తిరక్కుండా అల్లుడు ఆమె ఇంటికొచ్చాడు.

"ఆ కుర్చీ నాకొద్దమ్మా. నా వల్ల కాదు. రండి."

"మీ మామగారిని వచ్చి అడగమనండి."

మర్నాడు యజమాని వచ్చి, గోడకేసి చూస్తూ, "హెడ్‌గా రండి" అన్నాడు.

"కాగితం మీద రాసివ్వండి."

నిలబడే రాసిచ్చాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, కాగితం తిరిగి ఆయన చేతికిచ్చింది.

"ప్రూఫ్‌రీడర్‌లో దీర్ఘం పోయింది. దిద్ది ఇవ్వండి."