సున్నాతో ముగియని మార్కు

ఆ రోజు పొద్దున హుస్సేనీ ఆలంలోని మా పప్పుల దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని ఉన్నాను. మా అమ్మాయి మేడ మెట్లు దిగి వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. అది తండ్రి పోలిక. ఇద్దరికీ సంతోషం కలిగితే గొంతు పెరుగుతుంది, భయం వేస్తే పూర్తిగా పోతుంది.

బెంగళూరు పక్కన ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మెయిల్ అది. అక్కడ అర్థశాస్త్రం చదవాలని ఇంటర్ మొదటి ఏడాది నుంచీ దాని పట్టుదల. నేను ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. అంకెలు మాత్రం ముందుగా కళ్లబడతాయి. మధ్యలో 1345 అని ఉంది. మీరు దరఖాస్తులో రాసిన ఈ మార్కు ఆ పరీక్షలో ఎవరికీ రావడానికి వీల్లేదు, రేపు సాయంత్రంలోగా వివరణ ఇవ్వకపోతే మీ దరఖాస్తును పక్కన పెడతాం అని దాని సారాంశం.

వాళ్లు అడిగిన పరీక్ష కంప్యూటర్ మీద రాసేది, అన్ని దేశాల్లోనూ ఒకే తీరుగా పెట్టేది. మా అమ్మాయి రెండుసార్లు రాసింది. మొదటిసారి 1310, రెండోసారి 1380. ఎవరికి ఎంత వచ్చినా చివర సున్నానే ఉంటుందట. ఐదు ఉండదట. అందుకే వాళ్ల కంట్లో పడింది.

"నీకొచ్చినయ్ గవి రెండే కదా బిడ్డా. మరి గిది యాడికెళ్లి వచ్చింది?" అని అడిగాను.

"సరాసరి."

"సరాసరి ఎందుకు ఏసినవ్?"

"మార్కు ఏసే డబ్బా ఒక్కటే ఉండె అమ్మా. నేను రెండుసార్లు రాసిన. పెద్దది ఒక్కటే ఏస్తే మొదటిది దాచిపెట్టినట్టు కాదా?"

ఆ లెక్క ఎక్కడిదో నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలోనే నా బడి ఆగిపోయింది. లెక్కలన్నీ పెళ్లయ్యాక ఈ దుకాణంలో కూర్చునే నేర్చుకున్నాను. కందిపప్పు ఒక లాటు తక్కువ ధరకు వస్తుంది, నెల తిరగకుండానే అంతే తూకం ఉన్న ఇంకో లాటు ఎక్కువ ధరకు వస్తుంది. రెండూ కలిపి, సరాసరి తీసి, ఒకటే ధర చెప్పడం మా మామగారి నాటి నుంచీ మా దుకాణం పద్ధతి. చవకగా కొన్నదాన్ని కొత్త ధరకు అంటగట్టం. తేడాలో సగం తీసి చిన్నదానికి కలిపితే చాలని నేనే దానికి నేర్పాను. మూడో తరగతిలో ఉండగానే, బస్తాల మీద కూర్చుని కాళ్లు ఊపుతూ, కాగితం లేకుండా చెప్పేసేది. వచ్చినవాళ్లందరి ముందూ అడిగి చెప్పించేదాన్ని.

లోపల బస్తాలు సర్దుతున్న మా ఆయన విషయం విని బయటకు వచ్చాడు.

"దీనికి గింత ఫికర్ ఎందుకు? వేలు జారిందని రాయి, ఖతం."

"ఏ వేలు జారుతది?" అన్నాను. "ఎనిమిది కొట్టబోతే నాలుగు పడాలె, సున్నా కొట్టబోతే ఐదు పడాలె. రెండు వేళ్లు జారాలె."

"చలికాలం కదా, జారుతయ్."

"బాపూ!" అంది అమ్మాయి. నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది దానికి. "అబద్ధం చెప్పిన అనుకుంటున్నరు వాళ్లు. ఇప్పుడు ఇంకోటి చెప్పాల్నా?"

విశ్వవిద్యాలయం నంబరుకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఉన్నదున్నట్టు జవాబు రాస్తే, మీ సందేశం అందింది అని యంత్రం పంపే ఉత్తరం వచ్చింది. మళ్లీ చేశాం. సంగీతం వినిపించింది. ఆ తర్వాత అదీ ఆగిపోయింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. తూకం రాళ్లు తుడిచాను. తుడిచినవే మళ్లీ తుడిచాను. పక్క గల్లీ నుంచి ఎప్పుడూ వచ్చే ఆవిడ సంచీ పట్టుకుని నన్నే చూస్తోంది.

"అక్కా, అర్ధకిలో అడిగితే కిలో పోస్తున్నవ్. ఇయాళ మీ ఇంట్ల ఏమన్న దావతా?"

పప్పు వెనక్కి పోసుకుంటుంటే ఒక సంగతి తట్టింది. మేము సరాసరి ధర చెప్పినప్పుడు దాని వెనక నిజంగానే కలిపిన పప్పు ఉంటుంది. పిడికిట్లోకి తీసుకుని చూపించవచ్చు. 1345 వెనక ఏముంది? ఆ మార్కు వచ్చిన రోజంటూ లేదు, దాని కోసం రాసిన పరీక్షా లేదు. దాచకూడదనుకుని పిల్ల రాసింది ఎక్కడా లేని అంకె. పైగా పప్పు రెండో లాటు మొదటి లాటును చూసి ఏమీ నేర్చుకోదు. పిల్ల నేర్చుకుంది. మొదటిసారి తప్పిన వాటినే పట్టుకుని మూడు నెలలు కూర్చుంది. ఆ మూడు నెలల కష్టంతో పెరిగిన డెబ్బై మార్కుల్లో సగం నేను నేర్పిన సరాసరి లెక్కకే పోయింది. ఇది తట్టాక కుదుటపడాల్సింది, ఇంకా ఎక్కువ కంగారు పుట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఫోన్ కలవలేదు. కింద ఆటోల లొల్లికి ఏమీ వినబడదని ఇద్దరం దాబా మీదికి పరుగెత్తాం. నేనే మాట్లాడతాను, తప్పు నాదని చెబుతాను అన్నాను.

"నా మార్కులు. నేనే మాట్లాడ్త," అని స్పీకర్ పెట్టింది.

అవతల ఒకావిడ. ఇంగ్లీషులో, తొందర తొందరగా మాట్లాడింది. ఈ అంకె ఎక్కడిది అని అడిగింది. అమ్మాయి పరీక్ష రెండుసార్లు రాసిన సంగతి, మా దుకాణంలో రెండు లాట్లకు సరాసరి తీసే సంగతి చెప్పుకొచ్చింది. మధ్యలో గొంతు ఒకసారి పోయి మళ్లీ వచ్చింది. అంతా విన్నాక ఆవిడ అడిగింది: "రెండింటిలో మేము దేన్ని చూడాలి?"

అమ్మాయి అరచేతితో ఫోన్ మూసి నావైపు తిరిగింది.

"అమ్మా, ఏం చెప్పాలె?"

"పెద్దది చెప్పు."

"మరి మొదటిది?"

"అది గూడ వచ్చిందని చెప్పు. కానీ నువ్వు ఇప్పుడున్నది రెండోదాంట్ల."

చెప్పింది. 1380 చూడండి, అంతకుముందు 1310 వచ్చింది అంది. ఆవిడ సరే అంది. రెండో పరీక్ష అసలు నివేదిక పరీక్ష పెట్టినవాళ్ల నుంచే నేరుగా తమకు రావాలని, అది అందాకే దరఖాస్తు ముందుకు కదులుతుందని చెప్పింది. ఇంకో మాట కూడా అంది. సీటు గురించి తాను ఏమీ చెప్పలేనట. ఈ ఉత్తరాలన్నీ ఫైల్లో ఉంటాయట, నిర్ణయించేవాళ్లు అవి కూడా చదువుతారట.

ఫోన్ పెట్టాక అమ్మాయి పిట్టగోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"చదివితే ఏమనుకుంటరు అమ్మా? పిచ్చిది అనుకుంటరా?"

"తెల్వదు బిడ్డా."

"సీటు రాకపోతే దీనివల్లనే రాలేదని మనకు తెలుస్తదా?"

"అదీ తెల్వదు."

అసలు నివేదిక పంపమని పరీక్ష పెట్టినవాళ్లకు అక్కడే కూర్చుని ఫోన్లో నొక్కింది. నాలుగు రోజుల తర్వాత, సాయంత్రం దుకాణంలో రద్దీగా ఉన్న వేళ, ఫోన్ పట్టుకుని వచ్చి గల్లా పక్కన నిలబడింది. దరఖాస్తు పేజీలో 1345 లేదు, దాని చోట 1380 ఉంది. కింద పరిశీలనలో ఉంది అని ఒక్క వాక్యం.

"ఇంకోసారి చూడు," అన్నాను.

"ఎన్నిసార్లు చూసినా గదే ఉంటది అమ్మా," అని, తనే పేజీని కిందికి లాగి మళ్లీ తెరిచింది.